సన్‌సెట్, గురువారం మూడు గంటలకు

ఊరకే రారు మహానుభావులు. వచ్చేవాడు డోనట్ల పెట్టె పట్టుకుని మరీ వస్తే ఇంకాస్త ఎక్కువగా అనుమానించాలి. సీక్‌వెల్ కంపెనీ నుంచి క్రెయిగ్ హాలిస్టర్ గుమ్మంలోకి వచ్చినప్పుడు లోర్నా అతని మొహం వంక చూడలేదు, ఆ పెట్టె వంక చూసింది. అందులో పన్నెండు డోనట్లున్నాయి. ఆఫీసులో ఉన్నది ఇద్దరు.

ఆఫీసంటే మౌంటెన్ వ్యూ ఊళ్లో కాస్ట్రో వీధికి వెనక, సైకిళ్లు బాగుచేసే షాపును ఆనుకుని రెండు గదులు. మెట్టు లేని గుమ్మం కోసం నాలుగు నెలలు తిరిగి పట్టుకున్నారు దాన్ని. మెట్లెక్కి వెళ్లే ఆఫీసులో కూర్చుని 'నోస్టెప్' నడిపితే నలుగురూ నవ్వరూ? ఏ హోటలు గుమ్మానికి మెట్టుంది, ఏ స్టేషన్లో లిఫ్టు చెడింది, ఏ ఫుట్‌పాత్ మీద వీల్‌చైర్ పోతుంది, ఇవన్నీ జనమే రాసి జనమే చూసుకునే వెబ్‌సైటు అది. లోర్నా కాబ్రాల్, వెండెల్ ఓక్స్ కలిసి మొదలుపెట్టారు. ముప్ఫై ఊళ్ల మెట్లు అందులో ఉన్నాయి.

దాని వెనక లోర్నా చెల్లెలు జూడీ ఉంది. పంతొమ్మిదో ఏట కారు ప్రమాదంలో నడుము కింద పట్టు పోయి, అప్పటి నుంచీ వీల్‌చైర్‌లోనే తిరుగుతోంది. ఆరేళ్ల కిందట ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లి, ఆ ఆఫీసు ముందున్న రెండు మెట్ల దగ్గర ఆగిపోయింది. పైనుంచి ఎవరూ దిగి రాలేదు. ఇంటికొచ్చి జూడీ ఏడవలేదు. "ఆ రెండు మెట్ల సంగతి ముందే ఎవడైనా చెప్పుంటే ఇంకో రెండు గంటలు పడుకునేదాన్ని కదే" అంది, అంతే. ఏడ్చింది లోర్నా. ఆ వారమే వెండెల్‌ని కూర్చోబెట్టి పని మొదలుపెట్టించింది.

ఇప్పుడు దాన్ని సీక్‌వెల్ కొంటానంటోంది.

సీక్‌వెల్ వెతుకుడు కంపెనీ. ఏదైనా అడిగితే వెతికి పెట్టడమే దాని అసలు పని. ఆ పని పదేళ్ల కిందటే బాగా వచ్చేసింది. అప్పటి నుంచి అది పెరిగిందంతా కొనడం వల్లే. మ్యాపుల కంపెనీని కొంది, అనువాదాల కంపెనీని కొంది, వీడియోల వాళ్లను కొంది, విమానం టికెట్ల వాళ్లను కొంది. ఆ ఏడాది అప్పటికే పది కొని నోస్టెప్ గుమ్మం తొక్కింది. కంప్యూటర్ కంపెనీలతో నిండిన ఆ లోయలో చిన్న కంపెనీ పెట్టిన ప్రతివాడూ సీక్‌వెల్ తలుపు తడితే బావుండునని మనసులో అనుకుంటాడు, తడితే మాత్రం భయపడతాడు.

"మేం షాపుల్ని కొనం, లోర్నా" అన్నాడు క్రెయిగ్ డోనట్ కొరుకుతూ. "మనుషుల్ని కొంటాం. అంటే, మీలాంటి మంచి మనుషుల్ని."

"మనుషుల్ని కొనడం ఈ దేశంలో ఎప్పుడో మానేశారనుకున్నానే" అంది లోర్నా.

వెండెల్ గట్టిగా దగ్గాడు. క్రెయిగ్ మాత్రం హాయిగా నవ్వాడు. అంత హాయిగా నవ్వేవాళ్లంటే లోర్నాకు అసలే పడదు.

ఆమె అనుమానం గాల్లోంచి పుట్టింది కాదు. ఇంతకుముందు ఆమె పనిచేసిన చోట కొండదారుల్లో నడిచేవాళ్లు తమ దారి గుర్తులు రాసిపెట్టుకునేవాళ్లు. దాన్నీ ఇలాగే ఇంకో పెద్ద కంపెనీ నవ్వుకుంటూ కొంది, తొంభయ్యో రోజున మూసేసింది. ఆనాటి వీడ్కోలు ఉత్తరాన్ని లోర్నా అచ్చు తీసి తన బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంది. అందులో 'సంతోషం' అన్న మాట నాలుగుసార్లుంది. ఆమె నాలుగింటికీ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టింది. మూసేస్తున్నామన్న సంగతి చిట్టచివరి వరసలో, అదీ ఆ మాట వాడకుండా ఉంది.

ఎందుకంటే ఆ లోయలో మూసేయడాన్ని ఎవరూ మూసేయడం అనరు. 'సన్‌సెట్ చేస్తున్నాం' అంటారు. వినడానికి ఎంత బావుంటుందో! సూర్యుడైతే పొద్దున్నే మళ్లీ వస్తాడు. సన్‌సెట్ చేసిన వెబ్‌సైటు తిరిగొచ్చిన దాఖలా లేదు.

ఆ ఉత్తరం పక్కనే లోర్నా సీక్‌వెల్ ఆ ఏడాది కొన్న పది కంపెనీల పేర్లూ రాసింది. మూసేసిన వాటి పక్కన సగం మునిగిన సూర్యుడి బొమ్మ వేసింది. ఆరు సూర్యుళ్లున్నాయి.

"తాడు కనిపిస్తే చాలు పామంటావు" అన్నాడు వెండెల్ క్రెయిగ్ వెళ్లాక. "మిగతా నాలుగూ బతికే ఉన్నాయి కదా, వాటి సంగతి చెప్పవేం?"

"వాటి పక్కన చోటు వదిలిపెట్టాను చూడు. బొమ్మ వేయడానికి."

"లోర్నా, మనం ఇద్దరం. రోజుకు వందల మంది రాస్తున్నారు. సరిచూసే దిక్కులేదు. పోయిన వారం రెండు రోజులు సైటు పడిపోయింది. మీ జూడీయే ఫోన్ చేసి తిట్టింది నన్ను."

అది నిజమే. అందుకే ఆమె కాదనలేదు, షరతు పెట్టింది. కొన్నాక ఐదేళ్ల దాకా నోస్టెప్‌ని మూయకూడదని కాగితంలో రాయాలి. ఇద్దరి సంతకాలూ ఉంటే తప్ప కంపెనీ చేతులు మారదు కాబట్టి ఆమె మాట వినక తప్పదు. క్రెయిగ్ తల గోక్కున్నాడు. "అలాంటి మాట మా లాయర్లు ఎప్పుడూ రాయలేదు. మా ఉద్దేశం మంచిదే కదా, మళ్లీ రాత ఎందుకు?" అన్నాడు. ఉద్దేశం మంచిదైతే రాయడానికేం నొప్పి అని లోర్నా. అలా మూడు వారాలు గడిచాయి. సంతకాలకు శుక్రవారం మధ్యాహ్నం ముహూర్తం పెట్టారు. షరతు సంగతి మాత్రం తేలలేదు.

ఇలాంటి కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎవరి రోజు ఎలా నడుస్తుందో దాచుకోరు. క్యాలెండర్ తెరిచి పెడతారు, తోటివాళ్లు చూసుకుంటారు. బుధవారం సాయంత్రం లోర్నా ఏదో పనిమీద వెండెల్ క్యాలెండర్ తెరిచింది. మర్నాటి గడిలో ఒక వరస ఉంది.

'నోస్టెప్, సన్‌సెట్. గురువారం 3 గం. క్రెయిగ్, వెండెల్.'

ఆమె పేరు లేదు.

మళ్లీ చదివింది. ఇంకా సంతకాలే కాలేదు, మూసే రోజు మాట్లాడుకోవడానికి కూర్చుంటున్నారన్నమాట! అదీ వెండెల్! పక్క గదిలోంచి ఈల వేసుకుంటూ వచ్చి, "రేపు మధ్యాహ్నం నేనుండను, పళ్ల డాక్టరు దగ్గరికి" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకుండానే చెప్పాడు. లోర్నా "ఊఁ" అంది. ఇంకో మాట అంటే గొంతు పగిలేలా అరుస్తుందని ఆమెకు తెలుసు.

ఆ సాయంత్రం స్టేషన్ దగ్గర టాకోలు, అంటే మెక్సికో రొట్టెలు, అమ్మే హోటల్లో అక్కచెల్లెళ్లు కూర్చున్నారు. ఆ హోటల్‌కి వెనక గుమ్మం నుంచి మెట్టు లేకుండా రావచ్చు. ఆ సంగతి నోస్టెప్‌లో రాసింది జూడీయే.

"నమ్మకద్రోహం చేశాడే" అంది లోర్నా. "మూసేస్తున్నారు. వాడి క్యాలెండర్‌లోనే ఉంది."

"ఏమని ఉంది?"

"మూసేస్తామని. రేపు మూడింటికి కూర్చుంటున్నారు, ఇద్దరూ."

"వెండెల్ అలా చేసే రకం కాదే. పోయినేడు వానలో నా కుర్చీ చక్రం ఊడితే మోకాళ్ల మీద కూర్చుని బిగించాడు, పాంటు పాడైపోయినా."

"పాంటు పాడుచేసుకున్నవాడు మోసం చేయడా?"

"సరే, నా తల్లీ. అయితే వెళ్లి మొహమ్మీదే అడుగు. ఇక్కడ కూర్చుని నా బీన్స్ ఎందుకు తింటావు?"

లోర్నా చూసుకుంది. నిజంగానే చెల్లెలి పళ్లెంలోది తింటోంది.

గురువారం రెండున్నరకు ఆమె సీక్‌వెల్ ఆవరణలో ఉంది. యూకలిప్టస్ చెట్ల నీడన బస్సుల్లోంచి మెడలో కార్డులు వేసుకున్న జనం దిగుతున్నారు. ముందు గదిలో ఒకావిడ పేరడిగి, లోపల చూసింది ఎక్కడా చెప్పనని తెర మీద సంతకం పెట్టించుకుని, చొక్కాకు అంటించుకునే చీటీ ఇచ్చింది.

"ఎవరి కోసం వచ్చారండీ?"

"క్రెయిగ్ హాలిస్టర్. మూడు గంటల మీటింగు. నోస్టెప్."

ఆవిడ తెర వంక చూసి నవ్వుమొహంతో, "ఆఁ, నోస్టెప్, సన్‌సెట్! తిన్నగా వెళ్లి ఎడమ వైపు తిరగండి" అంది.

ముందు గదిలో కూర్చున్న మనిషికి కూడా తెలుసు! లోర్నా విసురుగా కదిలింది. కాఫీ మర దాటి, ఎవరూ ఆడని పింగ్‌పాంగ్ బల్ల దాటి, ఎడమకు తిరిగింది. వెతుకుడు కంపెనీలో ఒక గది వెతుక్కోవడం అంత కష్టం ఇంకెక్కడా ఉండదు. అన్నీ అద్దాల గదులే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తలుపుల మీద పేర్లు చూసుకుంటూ నడిచింది. మిషన్. రిచ్‌మండ్. మరీనా. ఇవన్నీ శాన్‌ ఫ్రాన్సిస్కోలో పేటల పేర్లు. మీటింగు గదులకు ఊళ్ల పేర్లో, పళ్ల పేర్లో, పేటల పేర్లో పెట్టుకోవడం ఆ లోయలో ప్రతి కంపెనీకీ ఉన్న సరదా.

నాలుగో తలుపు మీద పేరు చదివి ఆమె కాళ్లు ఆగిపోయాయి.

సన్‌సెట్.

శాన్‌ ఫ్రాన్సిస్కో పడమటి కొసన, సముద్రపు మంచు మధ్యాహ్నం దాకా వీడని పేట. లోర్నా, జూడీ పుట్టింది అక్కడే. బడికి వెళ్లింది అక్కడే. పుట్టిన పేట పేరు చదివి చావు కబురనుకుంది, తెలివిగల మనిషి.

తలుపు ఓరగా ఉంది. అద్దంలోంచి వెండెల్ కనిపించాడు. లేచి నిలబడి బల్ల మీద చరుస్తున్నాడు. అరిచి ఎరగని మనిషి అరుస్తున్నాడు.

"ఐదేళ్లూ రాతలో ఉండాలి, క్రెయిగ్. లోర్నా అడిగిందాంట్లో తప్పేముంది? ఆమె చెల్లెలు రోజూ దాన్ని చూసుకునే ఇంట్లోంచి కదుల్తుంది. రాయకపోతే నా సంతకం కూడా ఉండదు."

"సరే బాబూ, సరే" అన్నాడు క్రెయిగ్ రెండు చేతులూ ఎత్తి. "మా వాళ్లని ఒప్పిస్తాను. కానీ రెండు వారాలు పడుతుంది. రేపటి ముహూర్తం పోతుంది."

లోర్నాకు ఆ క్షణాన నేల చీలి లోపలికి పోతే బావుండుననిపించింది. చాటుగా వెనక్కి వెళ్లిపోదామనుకుంది గాని, అద్దాల గదికి చాటెక్కడిది? వెండెల్ చూడనే చూశాడు.

"లోర్నా! నువ్వేంటి ఇక్కడ?"

"పళ్ల డాక్టరు ఎలా ఉన్నాడో చూసిపోదామని."

వెండెల్ మొహం ఎర్రబడింది. "ముందే చెబితే ఆశ పెట్టుకుంటావని చెప్పలేదు. వీళ్లు ఒప్పుకుంటారో లేదో తెలీదు కదా. కుదిరాక చెబుదామనుకున్నా."

"నేనేమనుకున్నానో తెలుసా?" అని లోర్నా ఫోన్లో అతని క్యాలెండర్ తెరిచింది. ఆ వరస వంక, తలుపు మీది పేరు వంక చెయ్యి చూపించింది. వెండెల్‌కి అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. అర్థమయ్యాక పగలబడి నవ్వాడు. క్రెయిగ్ కూడా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. లోర్నా కూడా నవ్వింది గాని, ఆ నవ్వు కింద సిగ్గు మండుతోంది. ఆరేళ్లు పక్కన కూర్చుని పనిచేసినవాణ్ని ఒక్క వరస చదివి దొంగను చేసింది. తనకోసం అతను బల్లలు గుద్దుతుంటే తను అతని మీద నిఘాకు వచ్చింది. ఛీ, ఇదేం బుద్ధి తనకు!

క్రెయిగ్ మెల్లగా అన్నాడు. "మీరే చెప్పండి, లోర్నా. ఆ షరతు కావాలంటే రెండు వారాలు ఆగుదాం. వద్దనుకుంటే రేపే సంతకాలు. మూసే ఆలోచన మాకెవరికీ లేదు, ఒట్టు."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు అతని మనసులో ఉన్నది అదే.

వెండెల్ ఆమె వంక చూస్తున్నాడు. అడుగు, అడుగు అన్నట్టే చూస్తున్నాడు. లోర్నాకు మాత్రం ఇంకా అడుగుతూ కూర్చుంటే మనిషే కాదనిపించింది.

"వద్దులెండి" అంది. "నమ్మకం ముందు కాగితమెంత? రేపే పెట్టేద్దాం."

"నిజంగానా?" అన్నాడు వెండెల్.

"ఇన్నాళ్లూ అందర్నీ అనుమానించి చూశాను కదా. ఈ ఒక్కసారి నమ్మి చూస్తాను."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన తెలుగులో ఒక సామెత ఉంది. నలుగురిలో చెప్పేది కాదు.

శుక్రవారం సంతకాలయ్యాయి. లోర్నా ఆఫీసుకొచ్చి గోడమీది ఉత్తరం పీకింది. సూర్యుళ్ల జాబితాను తుడిచేసింది. జూడీకి జరిగినదంతా చెబితే, ఆమె కుర్చీ చేతుల్ని కొడుతూ నవ్వింది. "సన్‌సెట్ అని రాశాడని నాకా రోజే చెప్పుంటే చెప్పేదాన్ని కదే, మొద్దూ, మన పేటని!" అంది. నవ్వు ఆపి, "ఆ షరతు మాత్రం పెట్టించి ఉండాల్సింది" అంది. లోర్నా వినిపించుకోలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. సైటు పడిపోవడం మానేసింది. ఎనిమిది ఊళ్లు కొత్తగా చేరాయి. తర్వాత సీక్‌వెల్ మ్యాపుల వాళ్లు వెండెల్‌ని అడిగారు, అతను అటు వెళ్లాడు. ఆ తర్వాత నోస్టెప్‌కి సాయంగా ఇచ్చిన ముగ్గురు ఉద్యోగుల్ని ఇంకేదో తొందర పనికి తీసుకున్నారు. పైవాళ్లు మారారు. లోర్నా ఇవన్నీ చూసింది. పాతరోజుల్లో అయితే గోడంతా బొమ్మలు వేసి ఉండేది. ఇప్పుడు మాత్రం అనుమానం తలెత్తినప్పుడల్లా ఆ అద్దాల గది, అందులో బల్ల చరుస్తున్న వెండెల్ గుర్తొచ్చి, తనను తానే కసురుకుని ఊరుకునేది.

పదకొండో నెలలో ఆమె క్యాలెండర్‌లో ఒక వరస కనబడింది. 'నోస్టెప్, మరీనా. మంగళవారం 10 గం. క్రెయిగ్, లోర్నా.' ఆమె దాన్ని రెండోసారి చదవనైనా లేదు. దారిలో కాఫీ పట్టుకుని, ఒక డోనట్ కూడా తీసుకుని వెళ్లింది.

క్రెయిగ్ ఆ రోజు నవ్వలేదు.

"చాలా ఆలోచించాం, లోర్నా. కష్టమైన నిర్ణయం. ఈ నెలాఖరుకు నోస్టెప్‌ని... సన్‌సెట్ అనుకున్నాం."

"సరే" అంది లోర్నా డోనట్ తుంపుతూ. "ఎన్ని గంటలకి? ఈ గది బానే ఉంది కదా, మళ్లీ ఆ గదికెందుకు?"

క్రెయిగ్ తల కిందికి దించుకున్నాడు.

"గది కాదు, లోర్నా" అన్నాడు.

తుంచిన ముక్క చేతిలోనే ఉండిపోయింది. అరవలేదు. అరవడానికి చేతిలో కాగితముండాలి. ఐదేళ్లన్న మాటను తన నోటితోనే, ఈ గోడకు అవతలున్న గదిలోనే వద్దని వచ్చింది. జనం రాసిన ముప్ఫై ఎనిమిది ఊళ్ల మెట్లూ ఇప్పుడు సీక్‌వెల్‌వి. ఎప్పుడో ఒకప్పుడు పెద్ద మ్యాపులో కలుపుతారట. ఎప్పుడన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

"వీడ్కోలు ఉత్తరం మీరే రాస్తే బావుంటుంది" అన్నాడు మెల్లగా. "వాళ్లకి మీ మీద నమ్మకం కదా."

ఆ సంగతి విని వెండెల్ పరుగున వచ్చాడు. ఆమె బల్ల పక్కన ఊరికే కూర్చున్నాడు. లోర్నా రెండు వరసలు రాసింది. 'నోస్టెప్‌ని మూసేస్తున్నారు. మూయకూడదని రాయించుకోగలిగీ నేను రాయించుకోలేదు, క్షమించండి.' మర్నాటికి అది నాలుగు పేరాలై తిరిగొచ్చింది. కింద ఆమె పేరుంది. అందులో 'సంతోషం' నాలుగుసార్లుంది. లెక్క కూడా తప్పలేదు.

మూసిన మర్నాడు ఆదివారం. పొద్దున పది దాటాక ఫోన్ మోగింది. స్టేషన్ దగ్గర కూరల సంత గోల వినిపిస్తోంది, రైలు కూత వినిపిస్తోంది. జూడీ.

"ఏం చేస్తున్నావే? తిన్నావా?"

"లేదు. నువ్వు?"

"టాకోల హోటలు ముందున్నా. లోపలికి పోలేకపోయాను. వెనక గుమ్మానికి కొత్తగా మెట్టు కట్టారే. జానెడెత్తుంది."

లోర్నా అలవాటుగా కంప్యూటర్ ముందుకు జరిగింది.

"నేనిక్కడి నుంచి వెళ్లిపోతాలే, నాకలవాటే" అంది జూడీ. ఎగతాళి లేదు ఆ గొంతులో, కోపం కూడా లేదు. "కానీ నా వెనకాల ఇంకొకావిడ వస్తోంది, కుర్చీలో. దూరంగా ఉంది. ఈ మెట్టు సంగతి ఎక్కడ రాయమంటావు, లోర్నా?"